పాత స్పోర్ట్స్ కార్లలో ఎయిర్ ఇన్‌టేక్, కార్బ్యురేటర్ మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

1950ల నుంచి 1970ల చివరిదాకా తయారైన స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు అందించే పని కార్బ్యురేటర్‌దే. ఎంజీబీ, జాగ్వార్ ఈ-టైప్, డాట్సన్ 240జెడ్, లోటస్ ఎలాన్ వంటి కార్లను భద్రంగా చూసుకుంటున్నవారు ఎయిర్ ఫిల్టర్‌నో కార్బ్యురేటర్‌నో మార్చాలనుకున్నప్పుడు తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ఎంజీబీ నుంచి తీసుకున్నాను. 1962 నుంచి 1980 వరకు తయారైన ఆ కారు ఇంజిన్ నిర్మాణం సరళమైనది, పైగా ఈ మార్పుల వల్ల కలిగే లాభనష్టాలు రెండూ అందులో స్పష్టంగా కనిపిస్తాయి.

ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్ మారిస్తే శక్తి నిజంగా పెరుగుతుందా?

ఇంజిన్‌కు దారిలో ఎక్కడైనా గాలి ఆడక అడ్డంకి ఉంటే, ఆ అడ్డంకి తొలగినంత మేరకే శక్తి పెరుగుతుంది. అడ్డంకి లేనిచోట ఎంత పెద్ద కార్బ్యురేటర్ బిగించినా ఇంజిన్ తనకు కావలసినదానికన్నా ఎక్కువ గాలిని పీల్చుకోదు.

లెక్క వేసి చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. ఎంజీబీ ఇంజిన్ సామర్థ్యం 1798 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే తన పూర్తి ఘనపరిమాణమంత గాలిని లోపలికి తీసుకుంటుంది కాబట్టి, నిమిషానికి 5500 చుట్ల వేగం వద్ద సిలిండర్లు నూటికి నూరుపాళ్లు నిండినా దానికి కావలసిన గాలి నిమిషానికి దాదాపు 4940 లీటర్లు, అంటే సుమారు 175 ఘనపుటడుగులు. వాస్తవంలో సిలిండర్లు పూర్తిగా నిండవు కనుక అవసరం ఇంకా తక్కువే. కర్మాగారం మొదట్లో అమర్చిన, ఎస్‌యూ అనే బ్రిటిష్ సంస్థ తయారీ అయిన రెండు ఒకటిన్నర అంగుళాల హెచ్‌ఎస్ 4 కార్బ్యురేటర్లు ఈ గాలిని పెద్దగా ఇబ్బంది లేకుండానే అందిస్తాయి. అందువల్ల మార్పులేవీ చేయని ఇంజిన్‌పై కార్బ్యురేటర్ ఒక్కటే మార్చి పెద్ద ఫలితం ఆశిస్తే నిరాశే మిగులుతుంది. క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు), సిలిండర్ హెడ్, ఎగ్జాస్ట్ మూడూ మెరుగుపరచిన తరువాత గాలి అవసరం పెరుగుతుంది. పెద్ద కార్బ్యురేటర్ గురించి ఆలోచించవలసినది అప్పుడు.

మార్పులు మొదలుపెట్టే ముందు ఏమేమి సరిచూసుకోవాలి?

ఈ ప్రశ్నకే ఎక్కువ సమయం ఇవ్వవలసిందని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే, కార్బ్యురేటర్ లోపమని అనుకునే ఇబ్బందుల్లో చాలా భాగం వేరేచోట నుంచి పుట్టినవే. అరిగిన ఇంజిన్‌పై కొత్త కార్బ్యురేటర్ పెట్టి ట్యూనింగ్ చేస్తే, ఒక తప్పును కప్పిపుచ్చడానికి ఇంకొక తప్పు చేసినట్టవుతుంది.

మొదట అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. వాటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే వాల్వులు, రింగుల సంగతి చూడకుండా ముందుకు వెళ్లకూడదు. తరువాత వాల్వ్ క్లియరెన్సులు, ప్లగ్‌లు, పాయింట్ల గ్యాప్, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేయాలి. డిస్ట్రిబ్యూటర్‌లో వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే బరువులు స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో, వాక్యూమ్ క్యాప్సూల్ లోపలి పొర చిరిగిందో లేదో కూడా చూడాలి. ఆపైన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (కార్బ్యురేటర్ నుంచి సిలిండర్లకు మిశ్రమం తీసుకెళ్లే గొట్టాల భాగం) వాక్యూమ్ గేజ్ తగిలించాలి. సాధారణ క్యామ్‌షాఫ్ట్ ఉన్న ఆరోగ్యవంతమైన ఇంజిన్ సముద్రమట్టానికి దగ్గరి ప్రదేశాల్లో, ఐడ్లింగ్‌లో (కారు నిలిచి ఉండి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) 17 నుంచి 21 అంగుళాల పాదరసం మధ్య నిలకడగా చూపిస్తుంది. ముల్లు వణుకుతున్నా, బాగా తక్కువ చూపినా గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి వస్తున్నట్టో, వాల్వు సరిగ్గా మూసుకోనట్టో అనుమానించాలి.

పాత కార్బ్యురేటర్లలో ఆ దొంగదారి తరచుగా థ్రాటిల్ (గాలి దారిని తెరిచి మూసే పలక) ఇరుసు దగ్గరే ఉంటుంది. దశాబ్దాల తరబడి తిరిగి ఇరుసూ, అది కూర్చునే రంధ్రమూ అరిగిపోయి వాటి మధ్య నుంచి గాలి లోపలికి చొరబడుతుంది. ఆ గాలి పరిమాణం స్థిరంగా ఉండదు కాబట్టి ఐడ్లింగ్ ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పుగా ఉంటుంది; ఎంత సర్దుబాటు చేసినా నిలవదు. ఇరుసును చేతితో పైకీ కిందికీ కదిపి చూస్తే వదులు తెలిసిపోతుంది. కొత్త ఇరుసు, కొత్త బుష్‌లు వేయించి, కొత్త జెట్లు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాల భాగాలు), నీడిళ్లు (వాటిలోకి దిగే సూదులు), గ్యాస్కెట్లు అమర్చిన పాత కార్బ్యురేటర్ అనేక సందర్భాల్లో ఖరీదైన కొత్త దానికి ఏమాత్రం తీసిపోదు. ఇంత పని పూర్తయిన తరువాత కారును కొన్నాళ్లు నడిపి, అప్పటికీ మార్పు అవసరమనిపిస్తేనే ముందుకు సాగమని నా సలహా.

ఎస్‌యూ కార్బ్యురేటర్‌కూ వెబర్ కార్బ్యురేటర్‌కూ మౌలికమైన తేడా ఏమిటి?

ఎస్‌యూలో గాలి వెళ్లే దారి వెడల్పు స్థిరంగా ఉండదు. పైనున్న గంట ఆకారపు గదిలో ఒక పిస్టన్ ఉంటుంది. ఇంజిన్ ఎక్కువ గాలి అడిగితే గదిలోని పీడనం తగ్గి పిస్టన్ పైకి లేస్తుంది, దారి వెడల్పవుతుంది; తక్కువ అడిగితే కిందికి దిగుతుంది. జెట్ మీదుగా వెళ్లే గాలి వేగం, అక్కడి పీడనం దాదాపు మారకుండా ఉండటం ఈ ఏర్పాటు వల్లనే సాధ్యమవుతుంది. పిస్టన్‌కు బిగించిన, కిందికి వచ్చేకొద్దీ సన్నబడే సూది జెట్‌లోకి దిగి ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ సూది చుట్టూ ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. అంటే ఒకే జెట్, ఒకే సూది ఐడ్లింగ్ నుంచి పూర్తి వేగం వరకు అన్ని పనులూ చేస్తాయి. స్ట్రోంబర్గ్ సీడీ కార్బ్యురేటర్ కూడా ఇదే సూత్రంపై నడుస్తుంది, కాకపోతే గది గోడకు పిస్టన్ దగ్గరగా అమరడానికి బదులు, అందులో పిస్టన్‌కు రబ్బరు పొర ఉంటుంది. ఆ పొరకు చిన్న చిల్లు పడినా పిస్టన్ సరిగ్గా లేవదు.

వెబర్ డీసీఓఈ వంటి వాటిలో వెంచురీ (గాలి దారిలోని ఇరుకైన భాగం) వెడల్పు స్థిరం. అందువల్ల ఐడ్లింగ్‌కు ఒక మార్గం, థ్రాటిల్ తెరుచుకోవడం మొదలైనప్పుడు ఆదుకునే ప్రోగ్రెషన్ రంధ్రాలు, నిండు వేగానికి మెయిన్ జెట్, ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పెట్రోలు చిమ్మే పంపు జెట్ విడివిడిగా ఉంటాయి. ప్రతి దశనూ వేరువేరుగా మార్చుకోవచ్చు. ఎడ్వార్డో వెబర్ 1923లో ఇటలీలోని బొలోన్యాలో స్థాపించిన సంస్థ తయారుచేసిన ఈ కార్బ్యురేటర్లు రేసుల్లో అంత పేరు తెచ్చుకోవడానికి ఈ సౌలభ్యం ఒక ముఖ్య కారణం. అయితే మార్చుకోగల భాగాలు ఎన్ని ఉంటే తప్పుగా ఎంచుకునే అవకాశాలూ అన్నే ఉంటాయి. రోజువారీ ప్రయాణాలకు ఎస్‌యూ సాత్వికమైనది. అధిక వేగంలో నడిచే, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం అమర్చగల ఇంజిన్‌కు వెబర్ తగినది.

కర్మాగారం ఇచ్చిన ఫిల్టర్ డబ్బాలు తీసేసి చిన్న ఓపెన్ ఫిల్టర్లు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ కేవలం చూపుకోసమే అయితే వద్దని చెబుతాను. గాలి ఒక పదునైన అంచు మీదుగా గొట్టంలోకి మలుపు తిరిగితే, అంచు దగ్గర ప్రవాహం విడిపోయి సుడులు తిరుగుతుంది, దారి ఇరుకైనట్టే అవుతుంది. అదే అంచు బాకా నోరులా గుండ్రంగా ఉంటే గాలి సాఫీగా లోపలికి జారుతుంది. చదునైన రేకు వెనుక అమర్చిన పలుచని బిళ్ల ఫిల్టర్లలో ఈ గుండ్రని అంచు సాధారణంగా ఉండదు. పైగా ఫిల్టర్ మూత కార్బ్యురేటర్ నోటికి మరీ దగ్గరగా ఉండి గాలికి చోటు చాలదు. ఫిల్టర్ మార్చేటట్లయితే లోతు ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకుని, లోపల గుండ్రని అంచుగల చిన్న బెల్‌మౌత్ అమర్చడం మేలు. రేసు కార్లలో కనిపించే, జాలీ కూడా లేని పొడవాటి బాకాలు రోడ్డుపై నడిచే కారుకు పనికిరావు. వాటి గుండా దుమ్ము, ఇసుక తిన్నగా సిలిండర్లలోకి వెళ్లి రింగులను అరగదీస్తాయి. అంతేకాక, ఇంజిన్ వెనక్కి పేలినప్పుడు మంట బయటికి రాకుండా ఫిల్టర్ కొంత అడ్డుగా నిలుస్తుంది. ఆ రక్షణ కూడా పోతుంది.

ఎస్‌యూ వాడేవారు తప్పక గమనించవలసిన అంశం మరొకటి ఉంది. కార్బ్యురేటర్ ముందు అంచుపై, ఫిల్టర్ బిగించే చోట, చిన్న రంధ్రాలు ఉంటాయి. పిస్టన్ అడుగుభాగానికి బయటి గాలి పీడనం చేరేది వాటి ద్వారానే. కొత్త ఫిల్టర్ వెనుక రేకు గానీ, తిరగేసి అమర్చిన గ్యాస్కెట్ గానీ ఈ రంధ్రాలను మూసేస్తే పిస్టన్ సరిగ్గా లేవదు. కారు మందకొడిగా నడుస్తుంది, కారణం తెలియక జెట్లు, నీడిళ్లు మారుస్తూ రోజులు గడిచిపోతాయి. గ్యాస్కెట్‌ను కార్బ్యురేటర్ అంచుపై ఉంచి రంధ్రాలు సరిగ్గా ఎదురుబొదురుగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక్క నిమిషం చాలు.

ఫిల్టర్ మారి గాలి తేలికగా ఆడితే మిశ్రమం కూడా మారుతుంది. అది కొలిచి సరిదిద్దకుండా పని పూర్తయిందని అనుకోకూడదు.

చల్లని గాలి అందించే గొట్టాలు, పెట్టెల వల్ల ఎంత ప్రయోజనం?

నా దృష్టిలో ఇన్‌టేక్ మార్పులన్నింటిలో ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చేది ఇదే. గాలి ఉష్ణోగ్రత ప్రతి 3 డిగ్రీల సెల్సియస్ పెరుగుదలకు దాని సాంద్రత దాదాపు 1 శాతం తగ్గుతుంది. బానెట్ లోపలి గాలి బయటి గాలికన్నా 30 డిగ్రీలు వేడిగా ఉంటే సిలిండర్లలోకి చేరే ఆక్సిజన్ సుమారు 10 శాతం తగ్గినట్టే. ఎంజీబీ వంటి కార్లలో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఇంజిన్‌కు ఒకే వైపు ఉండటం వల్ల కార్బ్యురేటర్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు పైనే ఉంటాయి. ఇలాంటి వాటిలో రేడియేటర్ పక్కనుంచి గొట్టం ద్వారా బయటి గాలిని తీసుకురావడం, కార్బ్యురేటర్లకూ మానిఫోల్డ్‌కూ మధ్య వేడిని అడ్డుకునే ఫినోలిక్ దిమ్మెలు ఉంచడం, వాటి కింద రేకు కవచం అమర్చడం కనిపించని పనులే గానీ చాలా విలువైనవి. కారు ఆపిన తరువాత ఫ్లోట్ గదిలో (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే చిన్న గది) పెట్రోలు మరిగి, తిరిగి స్టార్ట్ కాకుండా మొరాయించడం కూడా వీటివల్ల బాగా తగ్గుతుంది.

ముందుకు దూసుకెళ్లేటప్పుడు గాలి ఒత్తిడితో లోపలికి తోసుకొస్తుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ అదనపు పీడనం వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. పైగా పెట్టెలో పీడనం పెరిగినప్పుడు ఫ్లోట్ గదికి కూడా అదే పీడనం చేరేలా ఏర్పాటు చేయకపోతే మిశ్రమం పలచబడుతుంది, అంటే పెట్రోలు పాలు తగ్గుతుంది. ఫ్లోట్ గది గాలి గొట్టాన్ని గాలివాటుకు వదిలేసినా ఇలాంటి చిక్కే వస్తుంది.

చలి, తేమ ఎక్కువగా ఉన్న వాతావరణంలో ఇంకో జాగ్రత్త అవసరం. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది కాబట్టి, బయట ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉన్నా కార్బ్యురేటర్ లోపల మంచు కట్టవచ్చు. కర్మాగారాలు కొన్ని కార్లకు చలికాలంలో వేడిగాలి తీసుకునే ఏర్పాటు చేసింది ఇందుకే. దాన్ని పూర్తిగా తీసేయడం కన్నా కాలాన్ని బట్టి మార్చుకునేలా ఉంచుకోవడం మంచిది.

ఎస్‌యూలో సరైన నీడిల్‌ను ఎలా ఎంచుకోవాలి?

జెట్‌ను పైకీ కిందికీ జరిపే మరను తిప్పితే మిశ్రమం అన్ని వేగాల్లోనూ చిక్కబడుతుంది లేదా పలచబడుతుంది. ఐడ్లింగ్‌లో సరిగ్గా ఉండి పూర్తి వేగంలో పలచగా ఉంటే మరతో ఆ లోపం తీరదు, నీడిల్ మార్చవలసిందే. నీడిళ్ల కొలతల పట్టికల్లో ప్రతి 1/8 అంగుళానికి ఒకచోట వ్యాసం ఇచ్చి ఉంటుంది. పై భాగపు కొలతలు ఐడ్లింగ్‌నూ, నడిమి భాగం సాధారణ ప్రయాణాన్నీ, కింది భాగం పూర్తి వేగాన్నీ నిర్ణయిస్తాయి. ప్రస్తుతం ఉన్న నీడిల్ కొలతలను పక్కన పెట్టుకుని, ఏ దశలో తేడా కావాలో ఆ దశలో మాత్రమే సన్నగానో లావుగానో ఉన్న నీడిల్‌ను వెతకాలి. హెచ్‌ఎస్ 4 జెట్ రంధ్రం 0.090 అంగుళాలు కాబట్టి అదే పరిమాణానికి తయారైన నీడిళ్లనే పోల్చాలి.

పిస్టన్ పైనున్న స్ప్రింగ్ కూడా లెక్కలోకి వస్తుంది. స్ప్రింగ్‌లకు రంగు గుర్తులు ఉంటాయి: నీలం అన్నిటికన్నా మెత్తనిది, ఆపైన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. గట్టి స్ప్రింగ్ వేస్తే పిస్టన్ తక్కువగా లేస్తుంది, జెట్ వద్ద గుంజుడు పెరిగి మిశ్రమం చిక్కబడుతుంది. నీడిల్, స్ప్రింగ్ రెండింటినీ ఒకేసారి మార్చితే ఏ మార్పు ఏ ఫలితమిచ్చిందో తెలియదు. పిస్టన్ కడ్డీలో దాని కదలికను నెమ్మదింపజేసే డ్యాంపర్‌కు సాధారణంగా 20 గ్రేడ్ నూనె చాలు. అది ఎండిపోతే యాక్సిలరేటర్ నొక్కగానే పిస్టన్ ఎగిరిపడి ఇంజిన్ తడబడుతుంది.

ఐడ్లింగ్ మిశ్రమాన్ని సరిచూడటానికి పాత పద్ధతి ఇప్పటికీ నమ్మదగినదే. ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాత పిస్టన్‌ను కింది పిన్నుతో దాదాపు 0.8 మి.మీ. మాత్రమే లేపాలి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే మిశ్రమం చిక్కగా ఉన్నట్టు. వెంటనే పడిపోతే పలచగా ఉన్నట్టు. ఒక్క క్షణం కాస్త పెరిగి తిరిగి మామూలు స్థితికి వస్తే సరిగ్గా ఉన్నట్టు.

నా కారుకు వెబర్ డీసీఓఈలు అమర్చుకోవాలా?

ముందుగా సిలిండర్ హెడ్‌ను చూడాలి. లోటస్ ఎలాన్, ఆల్ఫా రోమియో జూలియా స్ప్రింట్ జీటీ వంటి కార్లలో ప్రతి సిలిండర్‌కూ వేర్వేరు ఇన్‌టేక్ పోర్టు (గాలి వెళ్లే ద్వారం) ఉంటుంది. రెండు నోళ్లున్న డీసీఓఈలు రెండు పెడితే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం దొరుకుతుంది. ఆ కార్లలో చాలావరకు కర్మాగారం నుంచే అలా వచ్చాయి. డాట్సన్ 240జెడ్‌లోని ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు మూడు పెడతారు. కానీ ఎంజీబీలోని బీ-సిరీస్ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ పోర్టులు రెండే. 1, 2 సిలిండర్లు ఒక పోర్టును, 3, 4 సిలిండర్లు మరొక పోర్టును పంచుకుంటాయి. ఫైరింగ్ క్రమం 1-3-4-2 కావడంతో ఒకే పోర్టుపై ఉన్న రెండు సిలిండర్లు వెంటవెంటనే గాలి పీల్చి, తరువాత ఆ పోర్టు చాలాసేపు ఖాళీగా ఉంటుంది. జంటలో ఒక సిలిండర్‌కు అందే మిశ్రమం, రెండోదానికి అందే మిశ్రమం ఒకేలా ఉండకపోవడానికి ఇదే మూలం. ఇలాంటి హెడ్‌పై రెండు డీసీఓఈలు పెట్టడం అర్థంలేని ఖర్చు. ఒక 45 డీసీఓఈ పెడతారు. అది కూడా హెడ్, క్యామ్ మార్చిన ఇంజిన్‌కే సార్థకం.

డీసీఓఈ ఎంచుకున్న తరువాత మొదట నిర్ణయించవలసింది వెంచురీ పరిమాణం. 40, 45 అన్న అంకెలు థ్రాటిల్ వద్ద వ్యాసాన్ని మిల్లీమీటర్లలో చెబుతాయి. ఇంజిన్ స్వభావాన్ని తీర్చిదిద్దేది మాత్రం లోపలి వెంచురీయే. సుమారు 400 సి.సి. సిలిండర్, 6000 చుట్ల లోపు గరిష్ఠ శక్తి ఇచ్చే రోడ్డు ఇంజిన్‌కు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం ఉన్నప్పుడు 30 నుంచి 33 మి.మీ. వెంచురీ సాధారణంగా తగినది. పెద్దది పెడితే పైవేగంలో కొంత లాభం కనిపిస్తుంది, కానీ కింది వేగాల్లో గాలి నెమ్మదించి పెట్రోలు సరిగ్గా తుంపరలుగా విడిపోదు. నిత్యం నడిచేది ఆ కింది వేగాల్లోనే.

మెయిన్ జెట్‌కు తొలి అంచనాగా వెంచురీ అంకెను 4తో గుణించడం వాడుక. 32 మి.మీ. వెంచురీకి 128 వస్తుంది, అంటే 125 లేదా 130 జెట్. ఈ అంకెలు రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరోవంతులుగా చెబుతాయి. మెయిన్ జెట్ పెట్రోలులో గాలిని కలిపే ఎయిర్ కరెక్టర్ జెట్‌ను దానికి 50 కలిపి, సుమారు 175 లేదా 180గా మొదలుపెట్టవచ్చు. ఇవి ప్రారంభ బిందువులే. మెయిన్ జెట్ మార్పు, ఆ జెట్ పనిచేసే వేగాలన్నింటిలోనూ తెలుస్తుంది; ఎయిర్ కరెక్టర్ ప్రభావం పైవేగంలో ఎక్కువ. ఐడిల్ జెట్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు. కారు నిదానంగా సాగే సమయంలో చాలాభాగం ఇంజిన్ ఐడిల్, ప్రోగ్రెషన్ మార్గాల నుంచే పెట్రోలు తీసుకుంటుంది కాబట్టి, మెయిన్ జెట్ కంటే ముందు దీన్ని కుదుర్చుకోవాలి.

ఒకే 32/36 డౌన్‌డ్రాఫ్ట్ (గాలి పైనుంచి కిందికి వెళ్లే) వెబర్ సరిపోదా?

జంట కార్బ్యురేటర్లను సమం చేసే శ్రమ వద్దనుకునేవారికి సరిపోతుంది. మొదట చిన్న నోరు, తరువాత పెద్ద నోరు తెరుచుకోవడం వల్ల సాధారణ ప్రయాణంలో హాయిగా నడుస్తుంది. శక్తి కోసమైతే మాత్రం మంచి స్థితిలో ఉన్న జంట ఎస్‌యూలను తీసి దీన్ని పెట్టడానికి కారణం కనిపించదు.

రెండు మూడు కార్బ్యురేటర్లను ఎలా సమం చేయాలి?

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, కార్బ్యురేటర్లను కలిపే కడ్డీల క్లిప్పులు వదులు చేసి, ఒక్కొక్కదాని నోటి దగ్గర గాలి ప్రవాహాన్ని కొలిచే చిన్న పరికరం పెట్టి, ఐడిల్ స్క్రూలతో రెండింటినీ ఒకే అంకెకు తేవాలి. పరికరం లేకపోతే సన్నని గొట్టం ఒక చివర చెవి దగ్గర, రెండో చివర కార్బ్యురేటర్ నోటి దగ్గర ఉంచి బుసలు ఒకే స్థాయిలో ఉన్నాయో లేదో వినవచ్చు. ప్రవాహం సమమైన తరువాతే మిశ్రమం సర్దాలి. మిశ్రమం మారితే వేగం మారుతుంది కనుక మళ్లీ ప్రవాహం చూడాలి. ఆఖరున క్లిప్పులు బిగించేటప్పుడు థ్రాటిళ్లు రెండూ ఒకే క్షణంలో కదలడం మొదలుపెట్టేలా చూడటం అసలు మెళకువ. ఐడ్లింగ్‌లో సమంగా ఉండి, యాక్సిలరేటర్ తాకగానే ఒకటి ముందు తెరుచుకుంటే కారు కుదుపులతో కదులుతుంది. జాగ్వార్ ఈ-టైప్‌లోని మూడు రెండంగుళాల ఎస్‌యూలకూ ఇదే పద్ధతి, సహనం మాత్రం కాస్త ఎక్కువ కావాలి.

మిశ్రమం సరిగ్గా ఉందని ఎలా తెలుసుకోవాలి?

ఎగ్జాస్ట్ గొట్టంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ అమర్చుకుని, కారు నడుస్తుండగా అంకెలు చదవడం అన్నిటికన్నా నిశ్చయమైన మార్గం. గేజ్‌ను పక్కన కూర్చున్నవారు చదివి రాసుకోవాలి. నడిపేవారు రోడ్డు మీదనే దృష్టి ఉంచాలి. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన ఒక భాగం పెట్రోలుకు 14.7 భాగాల గాలి కావాలి. గరిష్ఠ శక్తి కోసం పూర్తి థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 మధ్య ఉండాలి. నిలకడగా సాగేటప్పుడు 14 పైన ఉండవచ్చు. ఇంజిన్‌పై పూర్తి భారం పడినప్పుడు పలచని మిశ్రమం అత్యంత ప్రమాదకరం. దానివల్ల డిటొనేషన్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చి పిస్టన్లు, వాల్వులు దెబ్బతింటాయి. అందువల్ల మొదట కాస్త చిక్కగా ఉంచి క్రమంగా పలచబరచాలి.

ప్లగ్‌ల రంగు చూసి చెప్పే పద్ధతి కొంతవరకే పనికొస్తుంది, ఎందుకంటే నేటి పెట్రోలుతో ప్లగ్‌లు పాత పుస్తకాల్లో వర్ణించిన గోధుమ రంగుకు రావు. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు కావలసిన గాలి నిష్పత్తి దాదాపు 14.1. కాబట్టి పాత జెట్‌తోనే నడిపితే మిశ్రమం సుమారు 4 శాతం పలచబడినట్టు లెక్క. ఎత్తైన ప్రదేశాల్లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. 1500 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 14 శాతం తక్కువ, దానితో మిశ్రమం చిక్కబడుతుంది. కారును ఎక్కడ ఎక్కువగా నడుపుతారో అక్కడే ట్యూనింగ్ చేయించాలి.

పెట్రోలు పంపు, గొట్టాల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ కార్బ్యురేటర్లకు 3 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) చుట్టుపక్కల ఒత్తిడి చాలు. బయట దొరికే అనేక ఎలక్ట్రిక్ పంపులు అంతకన్నా ఎక్కువ ఇస్తాయి. ఒత్తిడి ఎక్కువైతే ఫ్లోట్ వాల్వు ఆపలేక పెట్రోలు పొంగి, వేడి ఎగ్జాస్ట్‌పై కారే ప్రమాదం ఉంది. కాబట్టి రెగ్యులేటర్, దానితో పాటు గేజ్ తప్పనిసరి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు పగిలి మెత్తబడతాయి. ఇథనాల్‌ను తట్టుకునేలా తయారైనవే వేసి, క్లిప్పులతో బిగించాలి. థ్రాటిల్‌కు వెనక్కి లాగే స్ప్రింగ్‌లు రెండు ఉండాలి, ఒకటి తెగినా ఇంకొకటి మూసేలా. ట్యూనింగ్ చేసే చోట మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి, గ్యారేజీ తలుపులు తెరిచి ఉండాలి.

కార్బ్యురేటర్ మార్చితే ఇగ్నిషన్‌కూ బ్రేకులకూ సంబంధం ఉంటుందా?

ఉంటుంది, చాలామంది మరిచేది ఇదే. పాత కార్బ్యురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్నని వాక్యూమ్ గొట్టానికి చాలా డీసీఓఈలలో చోటు ఉండదు. దాన్ని వదిలేస్తే నిలకడ ప్రయాణంలో టైమింగ్ ముందుకు జరగక పెట్రోలు వృథా అవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. మానిఫోల్డ్‌కు గొట్టం అమర్చుకోవాలి, లేదా ఆ ఇంజిన్‌కు తగిన డిస్ట్రిబ్యూటర్ వేయించుకోవాలి. బ్రేక్ సర్వో (బ్రేకు నొక్కడానికి బలం చేర్చే పరికరం) ఉన్న కార్లలో దాని వాక్యూమ్ కూడా మానిఫోల్డ్ నుంచే వస్తుంది. ఆ గొట్టానికి కొత్త మానిఫోల్డ్‌లో చోటు లేకపోతే ఆ మానిఫోల్డ్ కొనకూడదు. క్రాంక్‌కేస్ నుంచి ఆవిర్లను లాగే గొట్టాన్ని ఊరికే మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల నుంచి నూనె కారుతుంది. దానికి సరైన మార్గం చూపాలి.

మార్పుల వల్ల కారు విలువ తగ్గుతుందా?

కర్మాగారం నుంచి వచ్చిన రూపంలోనే ఉన్న కార్లకు గిరాకీ ఎక్కువ కాబట్టి, తీసిన ప్రతి భాగాన్నీ శుభ్రం చేసి, పేరు రాసి భద్రపరచాలి. రంధ్రాలు చేయకుండా, రేకులు కోయకుండా, వెనక్కి మార్చుకోగల మార్పులే చేయాలి. చారిత్రక రేసుల్లో పాల్గొనేవారు అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ వారి ‘అపెండిక్స్ కే’ నిబంధనలు చదవాలి. ఆ కాలంలో ఆ కారుకు అనుమతించిన కార్బ్యురేటర్లకే అక్కడ చోటు. మార్పుల వివరాలు బీమా సంస్థకు తెలియజేయాలి, స్థానిక ఉద్గార నియమాలు చూసుకోవాలి.

అన్నీ అమర్చిన తరువాత యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ తడబడుతోంది. ఎక్కడ వెతకాలి?

తడబాటు ఎప్పుడు వస్తోందో ముందు గమనించాలి. నెమ్మదిగా నొక్కినప్పుడు ఒక నిర్దిష్ట వేగం దగ్గర వస్తే, వెబర్‌లో ఐడిల్ జెట్ చిన్నదై ప్రోగ్రెషన్ దశలో మిశ్రమం పలచబడి ఉంటుంది. ఒక్కసారిగా నొక్కినప్పుడే వస్తే పంపు జెట్ మూసుకుపోయిందేమో, ఎస్‌యూ అయితే డ్యాంపర్‌లో నూనె ఉందేమో, పిస్టన్‌ను లేపి వదిలితే టక్కుమనే శబ్దంతో కిందికి పడుతోందో లేదో చూడాలి. ఆగిఆగి పడితే సూది జెట్‌కు రాసుకుంటున్నట్టు. జెట్‌ను మళ్లీ మధ్యకు తేవాలి. పైవేగంలో మాత్రమే ఊపిరాడనట్టు ఉంటే ఫ్లోట్ గది ఖాళీ అవుతోందేమో, అంటే పంపు, ఫిల్టర్, ఫ్లోట్ వాల్వు, ఫ్లోట్ మట్టం చూసుకోవాలి. వీటన్నింటిలో ఏదీ కాకపోతే మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు కోసం మళ్లీ వెతకాలి. ఒక్కో మార్పు చేసిన తరువాత ఒకే దారిలో, ఒకే గేరులో నడిపి, చేసిన మార్పునూ ఫలితాన్నీ అప్పటికప్పుడే రాసుకుంటే, తరువాతి మార్పు ఏ వైపు చేయాలో ఆ రాతే చెబుతుంది.